దండగ

మార్చి వచ్చిందంటే యార్డు నిండా తేజాలు,
నా ఫోన్లో నాగూర్ బాబు.
"ప్రీమియం డ్యూ ఉంది, బాబాయ్."

తెల్లకార్డు పోయిన ఏటి నుంచి
తొమ్మిదేళ్లు.
ఒక్క కుట్టు పడలేదు, ఒక్క సెలైన్ ఎక్కలేదు.
కోటిరత్నం వేళ్లమీద లెక్క తీస్తుంది:
ఆ డబ్బుతో ఓ జత గాజులు,
కాదంటే మేడమీద రేకుల గది.

కమీషన్ కొట్లో గుమస్తాని.
టిక్కీ టిక్కీకీ తరుగు రాసే చెయ్యి నాది.
నా తరుగు ఎవరి పద్దులో పడిందని
ఏ మొహంతో అడగను?

నిన్న కొత్తపేట వెళ్లాను,
ఎదురు కొట్టు కాటాదారుకి గుండె ఆపరేషనైతే.
బిల్లు కౌంటర్లో అతని కూతురు
ఒక సంతకం పెట్టి
పర్సు తీయకుండానే తిరిగొచ్చింది.
"టీ తాగుదామా అంకుల్" అంది.
ఆ టీ గ్లాసు పట్టుకుంటే
నా తొమ్మిదేళ్లలో ఏదో ఒక ఏడు
వేలికి వెచ్చగా తగిలింది.

ఇంటికొచ్చి కట్టేశాను.
"ఈ ఏడు కూడా దండగైపోనీ తండ్రీ"
కళ్లు మూసుకుని మొక్కింది కోటిరత్నం.

రాత్రి దగ్గు తెర వచ్చింది.
మిరప ఘాటులే, అన్నాను.
తను లేచి, లైటేసి,
బీరువాలో ఆ కాగితం ఉందో లేదో చూసి
పడుకుంది.