ఇసుమంత

రావెన్‌గ్లాస్‌లో ఇవాళ ఆటు ఆరూ నలభైకి.
విల్ఫ్ టైసన్ ముందు నడుస్తాడు, కర్రతో బురదను పొడిచి చూస్తూ.
నేను వెనకాల, సంచులూ గరిటే మోసుకుంటూ
అతని అడుగులోనే అడుగు వేస్తూ.
ఇక్కడ నేల నేలగా ఉండేది కొన్ని గంటలే.

పై రెండు సెంటీమీటర్లే గీకాలి.
దాని కింది పొర వేరే దశాబ్దం.
నేను పుట్టకముందు గొట్టంలోంచి సముద్రంలోకి వదిలింది
ఆటుకీ పోటుకీ తిరిగి తిరిగి
అలసిపోయి ఈ బురదలోనే పడుకుంది.

విల్ఫ్ రాళ్ల సందుల్లో నత్తలు ఏరుతున్నాడు.
"వారానికి ఎన్ని తింటావు?"
ఇది నా ప్రశ్న కాదు, ఫారంలో ఉంది.
"ఆదివారం ఓ గ్లాసుడు. వెనిగర్, గుండుసూది.
ఆలిస్ ఉన్నప్పుడు రెండు గ్లాసులు."
ఫారంలో గడి ఒక్కటే.
ఒకటి అని రాశాను.

వెళ్లేముందు మూడు బంగాళాదుంపలు నా సంచిలో వేశాడు.
పాదుకి ఎరువు సముద్రపు నాచేనట, నాన్న కాలం నుంచీ.
"వీటిని కూడా చూడు. ఊరికే."

*

ఆరబెట్టాను. రాత్రంతా కొలిమిలో కాల్చాను.
బూడిదను ఆమ్లంలో మరిగించాను.
మొదట్లోనే తెలిసిన ప్లుటోనియం ఒక చుక్క వేసి ఉంచాను,
ముల్లును పట్టడానికి ముల్లు.
దారిలో నేనెంత ఒలకబోశానో
చివర్న అదే చెబుతుంది.
జీవితంలో మిగతా పనులకి ఇలాంటి చుక్క దొరకదు.

రెజిన్ గొట్టంలోంచి బొట్టు. బొట్టు.
దీన్ని తొందరపెట్టినవాళ్లంతా
మళ్లీ మొదటికొచ్చినవాళ్లే.

పావలా కాసంత స్టీలు బిళ్ల మీద
కంటికి కనిపించని పూత.
గాలి తీసేసిన గదిలో మూడు రోజులు.
ఒక్కటి.
మధ్యాహ్నం దాకా ఏమీ లేదు.
మళ్లీ ఒక్కటి.

పక్క గదిలో ఇంకో బిళ్ల ఉంటుంది, ఖాళీది.
అదే ఆమ్లం, అదే కొలిమి, బురదా లేదు, దుంపా లేదు.
ఏమీ లేనిదాన్ని కూడా మూడు రోజులు లెక్కపెడతాం.
అందులోనూ రెండు పడ్డాయి.
శూన్యం కూడా అప్పుడప్పుడు దగ్గుతుంది.
అది దగ్గే చప్పుడు తెలియకపోతే
పక్కవాడి గుండె చప్పుడు పోల్చుకోలేం.

*

బురదలో ఉంది. ఎప్పటిలాగే, ఎప్పటికన్నా కొంచెం తక్కువ.
దుంపల దగ్గరే చిక్కు.
గడిలో పడుకున్న చీమ మీసంలాంటి గుర్తు, దాని పక్కన అంకె:
ఇంతకంటే తక్కువ.

విల్ఫ్ ఫోన్ చేశాడు.
"ఉందా, లేదా?"

పాలకొల్లులో మా పెద్దత్త
బెల్లం బదులడిగిన పక్కింటావిడతో
"ఇసుమంతైనా లేదు వదినా" అనేది.
జాడీ అడుగున గోరంత అంటుకుని ఉండేది, నేను చూశాను.
అబద్ధం కాదది.
ఆవిడ గరిటెకి అందనిది ఆవిడ లెక్కలో లేనట్టే.
ఇసుమంటే ఇసకేనని నాకు అప్పుడు తెలియదు.
ఇప్పుడు ఇసక రేణువంటే నాకు ఒక కొండ,
దాన్ని పగలగొట్టి, కరిగించి, లోపలికి వెళ్లి
తలుపు తలుపూ తట్టి వస్తాను.
వచ్చాక కూడా "లేదు" అనే మాట
నా సంతకం కింద రాయనివ్వరు.
రాయను కూడా.

"విల్ఫ్, ఉంటే గింటే,
నేను చూడలేనంత తక్కువ."

అవతల కాసేపు సముద్రపు గాలి.
"కళ్లజోడు మార్చుకో అమ్మాయ్," అన్నాడు.
తర్వాత, "సరే, పొయ్యి మీద పెడుతున్నా."

నవ్వాడో లేదో చెప్పలేను.
నా పరికరాల్లో దానికి గది లేదు.

*

ఇంటికొచ్చి బూట్లు విదిలిస్తే
గుమ్మంలో ఇసక.
ఊడ్చాను.
దీపం ఆర్పి లోపలికి నడుస్తుంటే
పాదం కింద
కరకర.