మూత తియ్యకుండా తీసిన ఫోటోలు

పదకొండు రాత్రులు చీకటినే ఫోటోలు తీశాను.
కెమెరా నోటికి మూత పెట్టి, మూత మీద నల్లగుడ్డ చుట్టి
ఐదేసి నిమిషాలు.
ఏమీ లేనిచోట ఏముందో ముందు తేలాలి,
తర్వాతే చుక్కల సంగతి.

ఏమీ లేకపోవడం ఎక్కడ?
తెర మీద సన్నటి అడ్డగీతలు,
మంగళగిరి మగ్గం మీద పేక తప్పినట్టు.
ఒక మూల కుంపటి రాజేసిన కాక.
నడుమ నడుమ చిటపటలాడే ఆవాల్లా తెల్లచుక్కలు.

రోహిణి కార్తె. రాత్రి పదకొండుకి కూడా
కొరిటెపాడులో డాబా మీద వట్టి పాదం ఆనదు.
చిప్పుకి చలి కావాలి. ఫ్యాను తిప్పి పెట్టాను.
ఆరు డిగ్రీలు దిగేసరికి సగం ఆవాలు రాలిపోయాయి.
గీతలు కదల్లేదు.

అడాప్టరు మార్చాను. కేబులు మార్చాను.
కేబులుకి నల్లటి ఫెరైటు తొడిగాను,
పసిపిల్లకి దిష్టిపూస కట్టినట్టు.
కింద కోటిరత్నం గారిని ఇన్వర్టరు ఆపమంటే
"ఆకాశంలో దేనికో నా ఫ్యాను ఆగాలా?" అంది.
ఆపింది.
గీతలు ఉన్నాయి.

ఏటుకూరు రోడ్డు కోల్డు స్టోరేజీల మీదికి పోయింది అనుమానం.
లక్షల టిక్కీల మిర్చిని చల్లగా నిద్రపుచ్చుతూ
కంప్రెసర్లు గుక్క తిప్పుకునే వేళకి
గీతలు చిక్కబడుతున్నాయి.
ఊరిని ఆపమని ఎవర్ని అడగను?

మస్తాన్‌వలి వచ్చాడు, మర మోటార్లు బాగుచేసే మనిషి.
తెర వైపు చూడనే లేదు. మెట్లు దిగి
పెరట్లో ఎర్తుగొయ్యి మూత ఎత్తి
మట్టిలో వేలు గుచ్చి చూశాడు.
"నెర్రెలిచ్చింది. నీళ్లు పోసి ఎన్నాళ్లయింది మేడమ్?"

ఇల్లు కట్టినప్పటి ఉప్పు, అప్పటి బొగ్గు.
మధ్యలో ఎవరికీ గుర్తు రాలేదు.

రెండు బిందెలు పోశాడు, నాలుగు దోసిళ్ల గళ్లుప్పుతో.
మట్టి గుటకలు వేస్తుంటే నిలబడి విన్నాను.
పైకెళ్లి మళ్లీ చీకటిని తీశాను.

గీతలు పోయాయి, దాదాపు.
మిగిలింది సన్నటి ఇసక:
తన లెక్క తను పైకి చదివేటప్పుడు
చిప్పు గొంతులో గరగర.
దానికి మందు లేదు. వందసార్లు తీసి సగటు కడితే
పల్చబడుతుంది, అంతే.

పన్నెండో రాత్రి మూత తీశాను.
వృశ్చికం కొండి పక్కన చుక్కల గుంపు.
మూడో నిమిషంలో యార్డు వైపు నుంచి గాలి తిరిగింది,
మిర్చి ఘాటు. తుమ్మాను. కాలు స్టాండుకి తగిలింది.
ప్రతి చుక్కకీ ఒక పిల్లతోక మొలిచింది.

ఆ ఫోటో చెరపలేదు.
నోటుపుస్తకంలో దాని ఎదురుగా
'కారణం' అన్న గడిలో
గుంటూరు అని రాసి పెట్టుకున్నాను.