నలుసు

అచ్చులో పడ్డ నలుసుని పట్టుకోవడం నా ఉద్యోగం.
ముప్పై ఒక్కేళ్లుగా
భూతద్దం మీద వంగి, ఒక కన్ను మూసుకుని,
సూపర్ మార్కెట్ కరపత్రాల్లో
సార్డీన్ చేపల వెండి పొట్టల మీదా
తగ్గింపు ధరల ఎర్ర అంకెల మీదా
వెతుకుతూనే ఉన్నాను.
ఆవగింజంత తెల్లటి ఉంగరం, మధ్యలో రంగు చుక్క.
కనబడగానే మిషన్ ఆపాలి,
గుడ్డ తడిపి సిలిండరు తుడవాలి.

ఆ గుడ్డ వాసన నాతోపాటే ఇంటికొచ్చేది.
మా ఆయన బతికున్నప్పుడు అనేవాడు:
"లియోనిల్డా, నిన్ను పొయ్యి దగ్గర నిలబెట్టాలంటే భయం."
నవ్వేదాన్ని.
స్పిరిట్ గాలిలో కలిసిపోతుందనీ,
కలిసిపోవడమంటే లేకుండా పోవడమేననీ
అప్పట్లో మా అందరి నమ్మకం.

మొండేగు నది ఒడ్డున మా ప్రెస్సు.
కిటికీ తీస్తే కొండ.
కొండ మీద జామాయిల్, జామాయిల్ వెనక జామాయిల్,
పాపిడి తీసి దువ్విన తలలా.
పన్నెండేళ్లకి నరికితే గుజ్జు,
గుజ్జు ఆరితే కాగితం,
కాగితం నా చేతికొస్తే చేపలు, సబ్బులు, వైను సీసాలు.
ఆదివారం దాటితే చెత్తబుట్ట.

కిందటేడు జసింత చేరింది. పంతొమ్మిదేళ్ల పిల్ల.
మొదటిరోజే అడిగింది,
మిషన్ కదలగానే పక్కకి తోసేస్తున్న ఆ కాగితాలేమిటని.
నాలుగు రంగులూ ఒకదాని మీదొకటి కుదురుగా కూర్చునేదాకా
కొన్ని పోతాయమ్మా, అన్నాను.
"కొన్నంటే?"
ఎవరు లెక్కపెట్టారు గనక.
ఆ పిల్ల లెక్కపెట్టింది.
పనికి మూడు వందల ఎనభై. రోజుకి ఏడు పనులు.
మధ్యాహ్నం రొట్టె తింటూ, వేళ్లు మడుస్తూ
ఎన్ని చెట్లో చెప్పబోయింది.
"తిననీ" అన్నాను.

ఆ తర్వాత మాత్రం
తప్పు కాగితాలనే మళ్లీ ఎక్కించి
తొలి రంగులు వాటి మీదే కుదర్చడం మొదలుపెట్టాం.
ఒక్కో కాగితం మీద మూడు వారాల బేరాలు:
ఎండు చేప మీద బట్టల సబ్బు,
సబ్బు మీద ఎవరిదో పెళ్లి శుభలేఖ.
స్పిరిట్ తగ్గించాం. నీళ్లు మొరాయించాయి, రంగు పొంగింది,
రెండు వారాలు ఆ పిల్లని తిట్టుకున్నాను, పైకే.
కూరగాయల నూనె సిరా తెచ్చాం.
ఆరడం దానిష్టం.

మా యజమాని అబ్రాంతిష్
చెట్టు మాట వినడు, బిల్లు మాట వింటాడు.
కాగితం ఖర్చు చూసి గడ్డం గోక్కుంటూ
"ఎవరి తెలివి ఇది?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపు జసింత
ఇంకో లెక్క ముందు పెట్టింది:
యాభై వేలు అచ్చేస్తున్నాం,
పదకొండు వేలు కట్ట విప్పకుండానే తిరిగొస్తున్నాయి,
అవి మానేద్దామా?

ఆయన మొహం చూడాలి.
అచ్చేసి బతికేవాడికి
అచ్చేయకపోవడాన్ని ఎలా అమ్మాలో ఎవరు నేర్పారు?
నాకూ తెలీదు.
చివరికి ముప్పై తొమ్మిదికి కాదు,
నలభై నాలుగు వేలకి దిగాడు. బేరగాడు.

ఆగస్టులో కొండ అంటుకుంది.
మూడు రోజులు సూర్యుడు రాగి బిళ్ల.
తలుపులు బిగించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి
మిషన్ నడిపాం. గురువారం కరపత్రం ఆగదు కదా.
నీలం నిండిన పేజీలో నలుసు.
ఆపాను. తుడిచాను. మళ్లీ నలుసు.
వేలితో అద్ది చూశాను.
బూడిద.
కొండ మీంచి ఎగిరొచ్చి, ఏదో సందు వెతుక్కుని
పేర్చిన కాగితాల మీద వాలింది,
చుట్టాలింటికి వచ్చినట్టు.

జసింత పక్కనే నిలబడింది.
ఆరోజు ఎన్ని పోయాయో లెక్కపెట్టలేదు.
ఒక్క కాగితం మాత్రం
మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.
ముప్పై ఒక్కేళ్లలో
నేను తుడవని నలుసు అదొక్కటే.