ఊరికే నిలబడితే

రింగు రోడ్డు కల్యాణమండపంలో డ్యూటీ వేసేరు.
పెళ్లి కాదట, వీడియో గేముల ఎక్స్‌పో.
బందోబస్తు పుస్తకంలో రాయమంటే
"గేముల సంత" అని రాసేను.
ఎస్సై గారు నవ్వలేదు.

వధూవరుల కుర్చీలు రెండూ మూలకి జరిపేసి
వాటి మీద కంప్యూటరు డబ్బాలు పెట్టేరు.
నిన్నటి సాంబారు వాసన ఇంకా పోలేదు.
కిటికీలు మూసి నీలం లైట్లేస్తే
ఆ చీకట్లో మూడొందల మంది గుంటలు
ఒకడి మొహం ఒకడు చూసుకోకుండా
ఒకే కేక వేస్తున్నారు.

నా పని తాడు పట్టుకోడం.
పది నిమిషాలకోసారి తాడు ఎత్తాలి,
ఓ పదిమందిని పంపి దించాలి.
ఎత్తడం నాకేం కొత్త కాదు.

మాది కొండవెలగాడ.
గాజులకన్నా ముందు బారు పట్టేను.
తొంభై రెండు కిలోలు లేపేను ఒకప్పుడు,
ఈ ఖాకీ ఆ బరువుకి వచ్చినదే.
తర్వాత భుజం జారింది. అది వేరే కథ.

మధ్యాన్నం జనం పల్చబడ్డాక
చివరి బల్ల దగ్గర కళ్లజోడు కుర్రాడు
"ఆడతారా అక్కా?" అన్నాడు.
హేమసుందర్ అట, పాలిటెక్నిక్ అట.
హాస్టల్ గదిలో కూచుని పద్నాలుగు నెలలు
గేము తనే చేసేడట.
"నాకేటి తెల్సు బాబూ" అన్నాను గానీ
లాఠీ అప్పటికే గోడకి ఆనించేసేను.

చేతిలో పెట్టింది పీత డెక్కలా ఉంది.
బారు పట్టినప్పుడు బొటనవేలు
నాలుగు వేళ్ల కింద దాక్కుంటుంది.
నలుగుతుంది, తోలు ఊడుతుంది, ఎవరికీ కనపడదు.
ఇక్కడ ఆ నాలుగూ ఖాళీగా కూచుని
పనంతా దాని నెత్తిన పడేసేయి.
మొదటిరోజు ట్రాఫిక్ డ్యూటీ పడ్డవాడిలా
ఎటు తిరగాలో తెలీక
మీటలన్నీ ఒకేసారి నొక్కేసింది.

తెర మీది పిల్ల చంపావతిలో పడిపోయింది.
"మూడు ఛాన్సులక్కా."
మాకూ మూడే, అన్నాను.
ముగ్గురు జడ్జీలు, మూడు లైట్లు.
రెండు ఎర్రగా వెలిగితే ఇంటికే.
మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డ ప్రతిసారీ
నాకు ఆ లైట్లే గుర్తొస్తాయి.

రెండోసారి రాయి తగిలి పడింది.
వెనకాల ఓ బుడ్డోడు, "ఆంటీ, జంపు! జంపు!"

మూడోసారి నేనేం నొక్కలేదు.
ఆఖరి ఛాన్సుకి ఎప్పుడూ అంతే,
తెల్లపొడి రాసుకుని బారు ముందు ఆగుతాం.
ఒక్క ఊపిరి.
కోచ్ అరుస్తుంటాడు, వినపడదు.

పిల్ల ఆగింది.
కాసేపటికి ఊపిరి తీసింది.
భుజం లేచి దిగింది, పరికిణీ అంచు గాలికి కదిలింది.
కాలు మార్చి నిలబడింది, మోచెయ్యి గోక్కుంది.
అప్పుడు మెడ తిప్పి
తెరలోంచి నాకేసి చూసింది,
ఏటి, అన్నట్టు.

కుర్రాడు కుర్చీలోంచి లేచిపోయేడు.
"దీనికే రెండు నెలలు పట్టిందక్కా.
పొద్దుట్నించి ఒక్కరూ ఆగలేదు.
అందరూ దూకేస్తున్నారు."
గొంతు అదోలా అయింది.
నేను వినపడనట్టు తెరనే చూస్తూ ఉండిపోయేను.

అవతల ఎస్సై గారు విజిలేసేరు.
దూకేను. పడ్డాను.
పేరు కొట్టమంది గేము, మూడక్షరాలే పడతాయట.
పై.
డ.
మ్మ.
కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.
పట్టికలో అందరికన్నా అడుగున, సున్నా పక్కన.

రాత్రి నెల్లిమర్ల బస్సులో
కడ్డీ పట్టుకుంటే బొటనవేలు సలుపుతోంది.
రామతీర్థం వెళ్లేవాళ్లు కాబోలు, సర్దుకుని చోటిచ్చేరు.
కూచోలేదు.
ఊపిరి తీసుకుంటూ,
కాలు మార్చుకుంటూ
నిలబడ్డాను.