దగ్గని మనిషి

మార్చి నెల ఏనుమాముల యార్డుల
గాలికి గూడ గొంతు మండుతది.
రైతు దగ్గుతడు, అడ్తి సేటు దగ్గుతడు,
కాంటా కింద పండుకున్న కుక్క దగ్గుతది.
అతనొక్కడు దగ్గలే.
స్వరూప అతన్ని గుర్తువట్టింది అట్లనే.

ఇది నేను రాసిన సంగతి.
నిజంగ జరగలే.
జరగలేదని రోజుకు నాలుగుసార్లు
నాకు నేనే చెప్పుకుంట.

పగలు నాది తక్‌పట్టీలు రాసే కొలువు:
రైతు పేరు, ఊరు, బస్తాలు, ధర,
హమాలీ, చాట, దడ్వాయి కోతలు.
రాత్రి పదకొండు దాటినంక
ఖరాబైన తక్‌పట్టీల వెనక దిక్కు
దయ్యం ప్రేమకథ.
వారానికి ఒక భాగం.
గీసుకొండ నుంచి మహదేవ్‌పూర్ దాకా
ఆడోళ్లు చదువుతరట,
మొగోళ్లు దాసుకొని చదువుతరట.

అతన్ని సంపింది నేనే.
సీజను, నిద్ర, తెల్లారితే రెండో భాగం పంపాలె.
"లారీ వెనక్కొచ్చింది. హమాలీ పోయిండు."
నాలుగు మాటలు.
పేరు గూడ పెట్టలే,
పోయేటోనికి పేరెందుకని.

ఐదో భాగంల తిరిగొచ్చిండు.
నేను రమ్మనలే.
స్వరూప మిరపకాయల తొడిమెలు తీసేకాడ
గోనెసంచి అంచుకు కూసున్నడు.
కూసుంటే సంచి నలగలే.
"నా పేరేంది?" అనడిగిండు.
ఆమెను కాదు, నన్ను.

పెన్ను మూసి పండుకున్న.
కాజీపేట దిక్కు రైలు కూసింది, ఇంకోటి కూసింది.
కొంరయ్య, ఐలోని, సాంబయ్య...
యాదికొచ్చినయన్నీ తక్‌పట్టీల మీద బతికున్న పేర్లు.
వాళ్లవి ఎట్ల తీస్త?
తెల్లారగట్ల "సారంగం" అన్న.
"మంచిగుంది" అన్నడు.
"లారీ కంటె ముందుగాల పెడితే
ఇంకా మంచిగుండు."

పత్రికాయన ఫోన్ చేసిండు:
"దయ్యమంటే జర భయముండాలె మేడం,
కండ్లు ఎర్రగ చెయ్యుండ్రి."
మిర్చి యార్డుల కండ్లు ఎర్రగ లేనోడే
దయ్యం సార్, అన్న.

ఎట్ల ముట్టుకోవాలె వాళ్లిద్దరు?
కథ రెండు వారాలు అక్కడనే ఆగింది.
చెయ్యి చేతిలకెళ్లి పోవాల్నా, ఆగాల్నా?
ఇద్దరూ నా దిక్కే చూసుకుంట కూసున్నరు,
బస్సు కోసం కూసున్నట్టు.

అప్పుడు మా అవ్వ యాదికొచ్చింది.
కిలోకింతని తొడిమెలు తీసి
పొద్దుగూకి ఇంటికొస్తుంటే
చేతులు ఒంటికి దూరంగ పట్టుకొని నడిచేది,
ఎవరివో మోసుకొస్తున్నట్టు.
కొబ్బరినూనె, మజ్జిగ, తడిమట్టి,
ఏది పూసినా తెల్లారిందాక మంటనే.
మా కండ్లల్ల పడ్తదని
మమ్ముల చేతుల్తోని ముట్టుకునేది కాదు.
తలకాయ
మోచేత్తో నిమిరేది.

ఆ రాత్రి రాసిన:
సారంగం స్వరూప రెండు అరచేతులు పట్టుకున్నడు.
చచ్చిన చేతులు గద,
సల్లగున్నయి.
మంట దిగింది.
ఆమె ఏడ్చింది, మంట దిగినందుకు.
"ప్రేమతోని" అని రాసిన నేను.
ఆ మాట కొట్టేసింది అతనే.

పరకాల నుంచి ఒకామె ఉత్తరం రాసింది:
ఆ పిల్లను గూడ సంపుండ్రి,
ఇద్దరూ ఒక్కకాడుంటరు.
అడిగి చూసిన.
స్వరూప ఒప్పుకోలే.
"రేపు కూలికి పోవాలె" అన్నది.

మొన్న ఆఖరి భాగం పంపిన.
సారంగం ఎటు పోయిండో రాయలే,
నాకు తెలిస్తే గద.

పొద్దున పప్పుల పోపు మాడింది.
ఎండుమిర్చి పొగ ఇల్లంత.
నేను దగ్గిన, గోడవతల పక్కింటాయన దగ్గిండు,
మీదింట్ల పోరగాడు దగ్గిండు.
నా వెనక
ఎవ్వరూ దగ్గలే.

పొయ్యి బందువెట్టిన.
పెన్ను పట్టే చేతులు,
మంట గూడ లేదు.
అయినా
తిరిగి చూడకుండ
వెనక్కి చాపిన.