తొమ్మిది కాదు

పంక్చర్ షాపు రసీదు వెనక
త్రినాథ పాఢి గీసిన ప్లానులో
అన్నీ ఉన్నాయి:
రాయగడలో నాలుగింటికి లేవడం,
గుణుపురంలో ఇడ్లీ, ఆరు ట్యూబులు,
చివరివాడి కోసం అందరూ ఆగాలన్న షరతు.
ఎదురుగాలి లేదు.

గుణుపురం దాటాక
చివరివాణ్ణి నేనే.
వంశధార పక్కనే పోతోంది,
ఆయాసం లేకుండా.
మైలురాయి మీద పేరు చదవలేను,
అంకె మాత్రం తొమ్మిది.
సైకిలు గడ్డిలో పడేసి కూచున్నాను.

ఝును వెనక్కొచ్చింది,
హ్యాండిల్‌కి జీళ్ళ పొట్లం.
"అది ఒరియా రెండు, మాస్టారూ.
మీ తెలుగు రెండూ
ఇంచుమించు ఇలాగే ఉంటది కదా,
పాత పుస్తకాల్లో?"

ముప్పై ఏళ్ళు
లెక్కలు చెప్పాను నేను.

జీడి ఒకటి నోట్లో వేసుకుని లేచాను.
ముందు, మలుపు అవతల
ఎవడో బెల్లు కొడుతున్నాడు,
ఆపకుండా.