మూడో రిజిస్టరు

పత్తికొండ శాఖలో పదకొండు రోజులు
కాలం కొలిచి రమ్మని నన్ను పంపించారు.
మెడలో స్టాప్‌వాచీ, ఒళ్లో చార్టు కాగితం.
క్యాషియరు ఖాజామియా మొదటి రోజే అడిగాడు:
"ఏం సారూ, మా ఉద్యోగాల నాడి చూస్తాండారా?"
నవ్వాను. టీ వచ్చింది.
టీ తాగిన నాలుగు నిమిషాలూ రాసుకున్నాను.

బంగారం మీద అప్పు, అదే ఇక్కడ తప్పని పంట.
వేరుశనగ పోయిన ఏడు కమ్మలు వస్తాయి,
టమేటా ధర పడిన వారం పుస్తెలు కూడా వస్తాయి.
అప్రైజరు వీరాచారి గీటురాయి మీద గీసి
నాలుగు నిమిషాల్లో నిజం చెప్పేస్తాడు.
మిగిలిన యాభై ఆరు నిమిషాలూ
ఆ నిజాన్ని కాగితాల మీద మోయడానికి.

పెన్సిలుతో గీశాను: గడి, బాణం, గడి, బాణం.
ఒక గడిలో సంతకం, ఒక గడిలో ముద్ర.
కౌంటరు నుంచి మేనేజరు గదికి పోయే బాణం పేరు
మద్దిలేటి.
నలభై రెండు అడుగులు, రోజుకు ముప్పై సార్లు,
చంకలో మూడో రిజిస్టరు.

మొదటిది అప్పుకు, రెండోది ఇనప్పెట్టెకు.
మూడోది ఎందుకు?
"ముందు నుంచీ ఉంది" అన్నాడు ఖాజామియా.
"ఆడిటోళ్లు అడుగుతారేమో" అంది మేనేజరు సుగుణ.
ఆడిటోళ్లకు ఫోను చేస్తే,
"మేమెప్పుడూ తెరవలేదే, మీకే కావాలేమో అనుకున్నాం."

ఏడో రోజు బీరువా అడుగున
చెదలు సగం చదివేసిన సర్క్యులరు దొరికింది.
ముప్పై ఏడేళ్ల కిందట ఏదో శాఖలో
ఒక ముక్కుపుడక కనబడకుండా పోయిందట.
"తదుపరి ఉత్తర్వుల వరకు
ప్రతి నగను మరియొకసారి నమోదు చేయవలెను."
సంతకం పెట్టినాయన రిటైరై, పోయి, ఫొటో కూడా అయ్యాడు.
తదుపరి ఉత్తర్వు ఇంకా దారిలోనే ఉంది.
ముక్కుపుడక ఆ వారమే దొరికిందని
కాగితం వెనక ఎవరో పెన్సిలుతో రాసి ఉంచారు.

తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో
జనం తలలు వంచుకొని నడుస్తారు చూడండి,
ఎర్రమట్టిలో ఒక్క మెరుపు కోసం.
ఆ పూట నాకూ అట్లే ఒళ్లు ఝల్లుమంది.
ఒక్కో అప్పుకు పంతొమ్మిది నిమిషాలు!
శాఖకు ఏడాదికి ఇంత, రెండు వందల శాఖలకు ఇంత.
కాలిక్యులేటరులో సున్నాలు పట్టలేదు.

నాలుగు దాటాక బెంచీ మీద ఉరుకుందమ్మను చూశాను.
పొద్దున తొమ్మిదికి వచ్చింది. టోకెను పదిహేడు.
చెవులు బోసిగా, కమ్మలు లోపల పరీక్షలో.
"రెండు గంటల బస్సు పాయె నాయనా,
ఐదు గంటల దాని కోసరం కూసున్యా.
ఈపొద్దు కూలి కూడా పాయె."
చార్టు తిప్పి తిప్పి చూశాను.
గుమాస్తా నిమిషం ఇన్ని రూపాయలని ఉంది,
మేనేజరు నిమిషం ఇన్ని అని ఉంది.
ఈమె ఎనిమిది గంటలకు గడే లేదు.
బ్యాంకు ఖర్చు కాదు గనక
ఖర్చే కాదనుకున్నాం.

మార్జిన్లో చిన్న అక్షరాలతో రాశాను.
ప్రధాన కార్యాలయంలో మార్జిన్లు చదవరు.
అడుగున ఉన్న మొత్తం చదివి చప్పట్లు కొట్టారు.

ఆరు నెలలకు సుగుణ మేడం ఫోను:
"మూడో రిజిస్టరు తీసేసినాం సార్.
ఉరుకుందమ్మ రెండు గంటల బస్సుకే పోతాంది ఇప్పుడు."
సంతోషం వేసింది, నిజంగానే.
"మరి మద్దిలేటి?"
ఫోనులో కాసేపు ఫ్యాను చప్పుడు.
"మోసేది లేదు కదా సార్, కాంట్రాక్టు పొడిగించలేదు.
మీ రిపోర్టులోనే ఉంది, పన్నెండో పేజీ."

ఉంది. నేనే రాశాను,
బాణం తీసేస్తే గడులు దగ్గరవుతాయని.
బొమ్మ అందంగా కూడా కుదిరింది.

మొన్నటి వానలకు జొన్నగిరి దిక్కు పోయినాడట.
ఎర్ర చేలో తల వంచుకొని నడుస్తాండాడట
పొద్దున నుంచి మాపటి దాకా.
ఎన్ని అడుగులో
ఎవరూ లెక్కపెట్టడం లేదు.